లాకుల గట్టు మీద వేట

మా కుటుంబానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాని మీద నాకున్న అభ్యంతరం చిన్నదే. పొద్దున లేచి ఫోన్ చూస్తే దాన్నిండా గులాబీలుంటాయి. ఒక్కో గులాబీ కింద ఒక్కో నీతివాక్యం. "క్షమించినవాడే గొప్పవాడు" అనేది అందులో ఎక్కువగా పూస్తుంది. దాన్ని పంపే మా చినమామగారు పొలం గట్టు జరిపాడని సొంత తమ్ముడితో మాట్లాడడం మానేసి చాలా కాలమైంది. ఆయన గొప్పతనం సంగతి పక్కన పెడితే, ఆ పువ్వులన్నీ నా ఫోన్లో చేరి కొత్త ఫొటోకు చోటు లేకుండా చేస్తాయి. అందుకని పళ్ళు తోముకుంటూ గులాబీలు తుడిపేయడం నాకు అలవాటైంది. ఒక ఆదివారం అట్లా తుడిపేస్తుంటే గులాబీల మధ్య నేను కనబడ్డాను.

చిన్న వీడియో. మొదట్లో నేను సైకిల్ మీద ఉంటాను. చివర్లో ఉండను. మధ్యలో ఒక బుల్లెట్ హారన్, ఒక కేక, కాలువ బురద చేసే ఒక రకమైన శబ్దం. కింద రాసి ఉంది: "మన ఇంటి గేదె కాలవలో దిగింది. ఎవరైనా తోలుకు రండర్రా." దాని కింద మా బంధువర్గమంతా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వే పసుపుపచ్చ మొహాలు. క్షమించే చినమామగారు మూడు పెట్టారు.

పంపింది మా ఆడపడుచు భర్త. నేను అన్నయ్యా అంటాను, మావారు బావా అంటారు, మా అత్తమ్మ అల్లుడా అంటుంది. అశ్వారావుపేట ఆయనది. పామాయిల్ తోట, జీపు, బుల్లెట్ బండి, ఎదుటివాళ్ళ మీద జోకులు ఆయన ఆస్తులు. మొదటి మూడూ తండ్రి ఇచ్చినవి. నాలుగోది స్వార్జితం.

నేను సన్నటి మనిషిని కాను. ఆ విషయం నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు, ముఖ్యంగా శీర్షిక పెట్టి.

మేముండేది దుమ్ముగూడెంలో. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, మావారికి ఎరువుల దుకాణం. మా ఊరి దగ్గర గోదావరి రాళ్ళ మీద పడి దూకుతూ పోతుంది, పడవలను పోనివ్వదు. వెనకటికి ఇంగ్లీషు దొరలు నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, పక్కనుంచి పడవల కోసం ఒక కాలువ తవ్వించారు. దాని మీద లాకులు పెట్టారు. లాకు అంటే పడవను లోపల నిలిపి, తలుపులు మూసి, నీళ్ళతో పైకెత్తే, కిందికి దించే రాతి గది. పైనుంచి పత్తి పడవలెక్కి సముద్రం దాకా పోవాలని వాళ్ళ ఆలోచన. ఇంతలో రైలు వచ్చింది, పత్తి రైలెక్కింది. కాలువ మాత్రం ఉద్యోగం రాని ఇంజనీరింగు పిల్లాడిలాగా దృఢంగా, ఖాళీగా ఉండిపోయింది.

ఆ కాలువ గట్టు నా సైకిల్ దారి. మోకాళ్ళు నొస్తున్నాయంటే డాక్టరు సైకిల్ తొక్కమన్నారు. భద్రాచలంలో తాతల నాటి నుంచి సైకిళ్ళ దుకాణం నడుపుతున్న సాయబు దగ్గర కొన్నాను. ఆయన సీటు నా ఎత్తుకు దించి, బెల్లు రెండుసార్లు మోగించి చూసి, "కుక్కలకు భయపడకండి మేడమ్. అవి కొంచెం దూరం వచ్చి పోతయ్. చుట్టాలను జర చూస్కోండి" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మా ఇంట్లో ప్రతి వేళా ఎవరిదో ఒకరిది. టిఫిన్ వేళ మావారిది, మందుల వేళ అత్తమ్మది, కాలేజీ బెల్లు కొట్టిన దగ్గర్నుంచి పిల్లలది. తెల్లారాక, టిఫిన్‌కు ముందు ఉండే ఆ కాస్త సమయం ఎవరిదో ఎవరూ తేల్చలేదు కాబట్టి నేను తీసుకున్నాను. ఊరు దాటగానే గట్టెక్కేదాన్ని. ఒకపక్క కాలువ, ఒకపక్క మిరపచేలు. మాఘంలో కల్లాల మీద మిర్చి ఎండబోస్తే తుమ్ముతూ తొక్కేదాన్ని. ఎండలు మొదలైతే ఇప్పచెట్ల కింద నేలంతా పువ్వు. లాకు దగ్గర ఆగి, రాతిగోడ మీద కూర్చుని, ఆ నిలవనీళ్ళలో లకుముకిపిట్ట చేపను పడుతుందా లేదా అని చూసేదాన్ని. అది ఎక్కువసార్లు పట్టేది కాదు. మా ఇద్దరికీ తొందర లేదు. ఒకసారి సీఆర్పీఎఫ్ క్యాంపు జవాను ఆపి హిందీలో ఎక్కడికి పోతున్నారని అడిగాడు. ఎక్కడికీ కాదన్నాను. దాంతో అనుమానం పెరిగి ఐడీ కార్డు చూపించమన్నాడు.

దసరాకు వచ్చిన అన్నయ్య, పొద్దున్నే నేను బయల్దేరడం చూసి, బుల్లెట్ మీద మెల్లగా వెనకే వచ్చాడు. లాకు దగ్గర గట్టు సన్నబడే చోట హారన్ కొట్టాడు. ఒక చేత్తో హారన్, ఒక చేత్తో ఫోన్. మిగతాది మీకు తెలుసు.

బురదతో ఇంటికొస్తే మా అత్తమ్మ పైనుంచి కింది దాకా చూసి, "ఆ చీరకు నిమ్మకాయ రుద్దు. లేకుంటే మరక పోదు" అంది. మావారు, "బావ నవ్వులాటకు తీసిండే. సీరియస్ గ తీస్కోకు" అన్నారు. సీరియస్‌గా తీసుకోలేదు. ఆ వీడియో ఎవరెవరి ఫోన్లోంచో కాలేజీ దాకా పాకింది. సెలవులయ్యాక సోమవారం నేను బోర్డు వైపు తిరగగానే వెనక బెంచీల నుంచి గేదె అరుపు వినిపించింది. అరుపు చాలా బాగా వచ్చింది. పశువులున్న ఇంటి పిల్లాడని తెలుస్తూనే ఉంది. డిమాండ్ సూత్రం పాఠం మధ్యలో నేను అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాను.

పగ అనేది పెద్ద మాట. పామూ ముంగిసా వాడుకోవలసిన మాట. నాకున్నది చిన్న కోరిక. ఆయన అదే గట్టు మీద, అదే గ్రూపులో, వీలైతే ఏదో ఒకటి ఒంటి మీద నుంచి కారుతూ కనబడాలి. అంతే.

చలికాలమంతా ఆ కోరికతో తొక్కాను. కోరిక ఉంటే కాళ్ళకు బలం వస్తుందని వైద్యశాస్త్రం ఎందుకు చెప్పదో తెలియదు. గట్టు ఎక్కడ మెత్తగా ఉంది, ఏ మలుపు దగ్గర లోపలికి జారుతుంది, గేదెలు ఎక్కడ దిగుతాయి, అన్నీ కంఠస్థమయ్యాయి. ఆయన్ను ప్రతి మలుపు దగ్గరా ఒకసారి పడేసి చూసుకున్నాను. ఏదీ సరిపోలేదు. బురద నాకూ పడింది కదా, దానికంటే కొంచెం మెరుగైనది కావాలనిపించింది. లాకు దగ్గర ఆగడం మానేశాను. లకుముకిపిట్ట ఆ చలికాలం ఎట్లా గడిపిందో నాకు తెలియదు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ఆయన దుకాణానికి ఫోన్ చేశాడు. ఎరువుల బస్తాల మధ్య మావారు స్పీకర్ పెట్టి మాట్లాడతారు. నేను టీ తీసుకుని వెళ్ళేసరికి అశ్వారావుపేట గొంతు దుకాణమంతా వినబడుతోంది.

"మామిడికాయల టైముకి వస్తన్నాం బామ్మర్దీ. ఆ సైకిలు మా తోటలో పనోడికి పనికొస్తది, వచ్చినప్పుడు జీపులో ఏసుకెళ్ళిపోతా. చెల్లెమ్మ కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే మళ్ళీ మనకే కదా బాధ. ఇంకా ఎంతమంది చూసి నవ్వాలి చెప్పు!"

"సరే బావా" అన్నారు మావారు. ఆ రెండు మాటల్లో నా పొద్దుటి పూట అశ్వారావుపేటకు వెళ్ళిపోయింది.

"నన్ను అడిగేది లేదా?" అన్నాను.

"అడుగుడేంది? ఇయ్యనంటే బావ ఏమనుకుంటడు? అక్కకు మాట రాదా?"

"నేను ఏమనుకుంటనో?"

"నువ్వు ఇంట్ల మనిషివే గదా" అన్నారు, టీ తీసుకుంటూ.

ఆ రాత్రి మావారితో పోట్లాడి ప్రయోజనం లేదని నాకు తెలుసు. అమ్మిన ఎరువు బస్తాలాగే, ఇచ్చిన మాటను కూడా వెనక్కి తీసుకోవడం దుకాణదారులకు రాదు. సైకిల్ మా ఇంట్లో ఉండాలంటే దాన్ని తీసుకుపోవడానికి వచ్చే మనిషికే దాన్ని ముట్టుకోవడానికి సిగ్గు పుట్టాలి. ఎట్లా అనేది తేల్చింది మా విస్తళ్ళామె.

ఆమె కోయామె. గూడెం గట్టు పక్కనే. అడ్డాకు విస్తళ్ళు కుట్టి సంతలో అమ్ముతుంది. రోజూ దారిలో చూసుకుని చూసుకుని, నేను చెల్లె అని, ఆమె అక్కా అని మొదలుపెట్టుకున్నాం. కిందటేడు ఎండాకాలంలో ఒక పొద్దున నేను తొక్కుకుంటూ పోతుంటే గూడెం దగ్గర గట్టుకు అడ్డంగా తాడు పట్టుకుని ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ముందు భయపడ్డాను. వాళ్ళలో ఈమె కూడా ఉంది.

"భూమి పండుగక్కా. దిగు. ఆట ఆడాలె, లేదంటే ఏమన్న ఇచ్చి పోవాలె" అంది.

విత్తనం వేయకముందు చేసే పండుగ అది. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆ రోజు ఊరూ దారీ ఆడవాళ్ళవి. వచ్చేపోయేవాళ్ళను తాడు కట్టి ఆపుతారు, పాట పాడతారు, నవ్విస్తారు. పదో పరకో ఇచ్చి పోవచ్చు. నేను ఇచ్చాను, రెండు అడుగులు ఆడాను కూడా. వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు కాబట్టి పక్కకు తిరిగి నవ్వారు. తాడు పక్కన ఒక గాబు, దాన్నిండా పేడనీళ్ళు. అదెందుకని అడిగాను.

"మొగోళ్ళకు. వేటకు పోయి ఉత్తచేతుల్తోని వచ్చినోడికి."

"ఇప్పుడు వేటాడితే కేసు గదనే?"

"అవ్. అందుకే అందరు ఉత్తచేతుల్తోనే వస్తరు." గాబు వైపు గర్వంగా చూసింది. "పటేలైనా సరే, తడవాల్సిందే."

"దారిన పోయే మొగోళ్ళకు?"

"వాళ్ళ జోలి మాకెందుకు? వేటకు పోయిన్నని సొంత నోటితోని చెప్పినోడికే."

కిందటేడు అది నాకు ఒక ఆచారంలాగా వినబడింది. ఈ ఏడు ఒక అవకాశంలాగా వినబడింది. తునికాకు కోతలు మొదలైన రోజుల్లో ఆమెను ఆపి, మీ గూడెంలో పండుగ ఏ రోజు పెట్టుకున్నారని అడిగాను. చెప్పింది. చెప్పి, నా మొహం చూసింది.

"ఏందక్కా, ఎవరినన్న తోలుకొస్తున్నవా?"

"మా చుట్టం."

"మంచోడా?"

"బాగ మాట్లాడతడు."

ఆమె విస్తళ్ళ కట్ట ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. "మాట్లాడెటోళ్ళంటే మా ముసలామెకు మస్తిష్టం" అంది.

నేను చేసిన కుట్ర అంతటితో సరి. తర్వాత చేసిందల్లా అన్నయ్యను ఆ తేదీకి ముందురోజు వచ్చేలా మావారితో చెప్పించడం. ఆ వారం కాయ బాగుందన్నాను. కాయ నిజంగానే బాగుంది.

వచ్చారు. జీపులోంచి దిగుతూనే సైకిల్ చుట్టూ తిరిగి, టైరు తన్ని చూశాడు. "గట్టిదే. మా చెల్లెమ్మను మోసిందంటే మా పనోడు ఒక లెక్కా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి సంగతి తెలిసినవాళ్ళు బాగా నవ్వగలరు.

"తీసుకుపోయే ముందు ఒకసారి గట్టు మీద తొక్కి చూడండి అన్నయ్యా. గేర్లు అవీ మీకు తెలియాలి గదా, పనాయనకు చెప్పాలంటే. నేను పక్కింటివాళ్ళ సైకిల్ మీద వెనకాల వస్తాను" అన్నాను.

"నాకు గేర్లు నేర్పుతావా? చదువుకునే రోజుల్లో సత్తుపల్లికి బియ్యం బస్తా వెనకేసుకుని తొక్కినోణ్ణి" అన్నాడు. ఆ బస్తా గురించి మేం పెళ్ళినాటి నుంచి వింటున్నాం. మొదట్లో అది అరబస్తా.

మర్నాడు పొద్దున బయల్దేరాం. కొత్త టీషర్టు, నల్ల కళ్ళద్దాలు. గట్టెక్కగానే ఫోన్ తీసి, వీడియో పెట్టి నా చేతికిచ్చాడు.

"వెనకాల నుంచి తియ్యి చెల్లెమ్మా. సైకిలంటే ఎట్టా తొక్కాలో గ్రూపులో పెడదాం. మన గేదెకి ట్రైనింగన్నమాట!"

అంత సహకారం నేను ఊహించలేదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకోవడానికి వీలుగా మెల్లగా తొక్కాను. ఆయన కబుర్లు చెబుతూనే ఉన్నాడు. కాలువ కంపు, మా ఊరి రోడ్లు, మావారి దుకాణం, దొరల తెలివితక్కువతనం. "ఇంత పెద్ద కాలవ తవ్వి ఏం పీకారమ్మా!" అని లాకు దాటాడు. దసరాకు నేను పడిన చోటు రాగానే చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. అప్పటిదాకా నాలో ఎక్కడైనా కాస్త మెత్తదనం మిగిలి ఉంటే అది ఆ నమస్కారంతో గోదాట్లో కలిసింది.

మలుపు తిరిగితే తాడు. తాడు వెనక రంగురంగుల చీరలు, పాట. ఆయన బ్రేకు వేసి వెనక్కి తిరిగి చూశాడు. నేను ఫోన్ వెనక ఉన్నాను. ఒక మాట చెప్పొచ్చు. "పదో పరకో ఇచ్చి పోదాం అన్నయ్యా" అంటే చాలు. చెప్పలేదు. నా జీవితంలో నేను అంత హాయిగా ఎప్పుడూ మౌనంగా లేను.

వాళ్ళలో పెద్దామె, పల్చటి మనిషి, ముందుకొచ్చింది.

"ఎక్కడికి పోయొస్తున్నవయ్యా?"

ఊరకుంటే అన్నయ్య ఎట్లా అవుతాడు? కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టి, ఫోన్ వైపు ఒకసారి చూసి, "వేటకెళ్ళొస్తన్నా ముసలమ్మా!" అన్నాడు.

పాట ఆగింది.

"వేటకా?"

"ఆ! పులిని కొట్టా!"

"ఏదయ్యా పులి?"

"బరువుగా ఉందని అక్కడే వదిలేశా. ఎల్లి తెచ్చుకోండి!"

ముసలామె వెనక్కి తిరిగి కోయలో ఏదో ఒక్క మాట అంది. నవ్వుల్లోంచి విస్తళ్ళామె నాకోసం తెలుగు చేసింది. "మావోళ్ళు గూడ ఏటేటా గిదే చెప్తరు!"

మొదటి చెంబు ముసలామెదే. గురి బాగుంది. రెండోది టీషర్టు మీద. మూడోది ఎవరిదో తెలియలేదు, ఆయన "ఏయ్, ఏయ్, నేను పోలీసోళ్ళకి..." అని నోరు తెరిచిన సమయంలో వచ్చింది. తర్వాత లెక్క పెట్టలేదు. ఇద్దరు చేతులు పట్టుకుని ఆటలోకి లాగారు. జారిపోకుండా ఉండడానికి ఆయన వేసే అడుగులు ఆటకు బాగా కలిశాయి. పేడనీళ్ళకు ఒక పచ్చటి మెరుపు ఉంటుంది, పొద్దుటి ఎండలో బాగా వస్తుంది. ఫోన్ కూడా మంచిది.

నాకు కొంచెం బాగానే అనిపించింది.

ఆట అయ్యాక వాళ్ళే ముంతతో చల్లటి జావ ఇచ్చారు, తాడు దించారు. ఆయన తాగలేదు. నేను తాగాను.

"ఫోనియ్యి" అన్నాడు.

"చేతులు కడుక్కోండి అన్నయ్యా, పాడైపోద్ది."

కడుక్కోవడానికి ఆయన కాలువలోకి దిగాడు. లోపల గేదెలున్నాయి. అవి జరిగి చోటిచ్చాయి. ఆ కాస్త సేపు ఫోన్ నా చేతిలో తెరిచే ఉంది, గ్రూపు కూడా అందులోనే ఉంది. శీర్షిక ఏం పెట్టాలని ఆలోచించాను. ఎన్నో వచ్చాయి, చలికాలమంతా కూడబెట్టినవి. చివరికి ఏమీ రాయలేదు. ఆయన మాటలే స్పష్టంగా వినబడుతున్నాయి. పంపాను. ఆయన పేరు మీదే వెళ్ళింది.

మేం ఇల్లు చేరేసరికి గ్రూపంతా నిద్రలేచింది. గులాబీలు కిందికి కొట్టుకుపోయాయి. అందరికన్నా ముందు జవాబిచ్చింది ఆయన భార్యే, మా ఇంట్లో మంచం మీద కూర్చుని. "తీసినోళ్ళ చేతులకు దండం" అని రాసింది. చినమామగారు ఈసారీ మూడు పసుపు మొహాలు పెట్టారు. ఆయన నిష్పక్షపాతి అని ఒప్పుకోవాలి.

అన్నయ్య బాత్రూములో చాలాసేపున్నాడు. బయటికొచ్చి అన్నం తినలేదు. నాతో మాట్లాడలేదు. మావారితో, "రేపు పొద్దున్నే పనుంది, ఇప్పుడే ఎల్లాలి" అన్నాడు. మావారు మర్యాద మరిచిపోని మనిషి. "బావా, సైకిల్ జీపులో ఎక్కించాల్నా?" అని అడిగారు.

అన్నయ్య సైకిల్ వైపు చూశాడు. దాని చక్రాలకు, సీటుకు, బెల్లుకు పేడ పచ్చగా ఆరిపోయి ఉంది. "దాన్ని నా కళ్ళ ముందు నుంచి తియ్యండి" అన్నాడు.

మా ఆడపడుచు ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని జీపెక్కింది. మలుపు తిరిగేదాకా ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి. నవ్వో, జీపు కుదుపో తెలియదు.

జీపు పోయాక సైకిల్‌ను కుళాయి దగ్గర నిలబెట్టి కడగడం మొదలుపెట్టాను. చువ్వ చువ్వనూ గుడ్డతో తుడిచాను. మావారు కాసేపు నిలబడి చూసి, "నువ్వు గింత పని చేస్తవనుకోలే" అని దుకాణానికి పోయారు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. అది కూడా నాకు అక్కర్లేకపోలేదు.

అత్తమ్మ అరుగు మీద మిగిలిన మామిడి ముక్కలు ముందేసుకుని ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడుస్తోంది. ఆ వీడియో నన్ను అడిగి రెండుసార్లు పెట్టించుకుంది. సొంత అల్లుడే అయినా, గూడెం ముసలామె పోసిన మొదటి చెంబు దగ్గర మళ్ళీ మళ్ళీ నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు. ముక్క తుడవడం ఆపి, నేను బెల్లు సందుల్లోంచి పేడ తీయడం చూస్తోంది.

"నువ్వు గా సైకిల్ తొక్కింది అల్లుని మీద పగకే గద బిడ్డా" అంది. "అది తీరింది. ఇంక సైకిలెందుకు? అమ్మెయ్యి."